‘ఛాన్సు’ చెప్పే కాగితాన్ని ఎట్లా చదవాలి?

విమర్శ అంటే కథల మీద, పద్యాల మీద, సినిమాల మీద రాసేదే అనుకుంటాము. కానీ పదిమంది చదివి, నమ్మి, దాని మాట ప్రకారం నడుచుకునే రాత ఏదైనా విమర్శించదగినదే అని నా అభిప్రాయం. ఆ లెక్కన చూస్తే మా హోసూరు చుట్టుపక్కల మే, జూన్ నెలల్లో ఇంటింటా చదివే రాత ఒకటుంది. దానికి రచయిత పేరు ఉండదు, ముందుమాట ఉండదు. దాన్ని ‘కాలేజ్ ప్రిడిక్టర్’ అంటారు. మార్కులో ర్యాంకో, కులం, ఆడా మగా అనే వివరం కొడితే చాలు, ఏ కాలేజీలో ఏ బ్రాంచి సీటు వచ్చే ‘ఛాన్సు’ ఎంతో పట్టిక వేసి చూపిస్తుంది. పచ్చరంగు ఉంటే వస్తుంది, పసుపు ఉంటే రావచ్చు, ఎరుపు ఉంటే రాదు. కొందరు ఫోనులో చూసుకుంటారు. కొందరు నెట్ సెంటరులో ప్రింటు తీయించి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతారు.

నేను పదో తరగతి చదువుతున్నాను. ప్లస్ వన్‌లో ఏ గ్రూపు తీసుకోవాలని మా ఇంట్లో ఇప్పటినుంచే మాటలు నడుస్తున్నాయి. కాబట్టి ఈ కాగితం నాకు దూరపు సంగతి కాదు. దీన్ని తిట్టాలని ఈ వ్యాసం రాయడం లేదు. ఇందులో పనికొచ్చేది ఎంత, పనికిరానిది ఎంత, దీన్ని ఏ పనికి వాడాలి, ఏ పనికి వాడకూడదు అనేది చెప్పాలని రాస్తున్నాను.

కాగితం ఎట్లా తయారవుతుంది?

ముందు దీని పుట్టుక చూద్దాం. ఐఐటీలు, ఎన్ఐటీల సీట్లను ‘జోసా’ అనే ఉమ్మడి కౌన్సెలింగ్ ద్వారా పంచుతారు. ఒక్కొక్క రౌండు అయ్యాక ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో, ఏ వర్గానికి మొదటి సీటు ఏ ర్యాంకుకు పోయింది, చివరి సీటు ఏ ర్యాంకుకు పోయింది అని వాళ్ళే అందరికీ కనబడేట్టు పెడతారు. చివరి సీటు పోయిన ర్యాంకును ‘క్లోజింగ్ ర్యాంకు’ అంటారు.

తమిళనాడు ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కు ప్రవేశ పరీక్ష లేదు. ప్లస్ టూ మార్కులతో 200కి కటాఫ్ లెక్కిస్తారు. లెక్కల మార్కు నూటికి నూరు అట్లే తీసుకుంటారు. ఫిజిక్స్‌ని సగం, కెమిస్ట్రీని సగం చేస్తారు. ఒకరికి లెక్కల్లో 92, ఫిజిక్స్‌లో 84, కెమిస్ట్రీలో 88 వస్తే, 92 + 42 + 44, అంటే కటాఫ్ 178.

ప్రిడిక్టర్ చేసే పని ఏమంటే, పోయిన ఏడాది చివరి సీటు ఎక్కడ ఆగిందో చూసి, మన అంకెను దాని పక్కన పెట్టి, పైన ఉంటే పచ్చ, కింద ఉంటే ఎరుపు వేయడం. కొన్ని రెండు మూడేళ్ళ అంకెలు కలిపి చూస్తాయి. అంతకుమించి అందులో మాయ ఏమీ లేదు.

దీన్ని మెచ్చుకోవాల్సిన చోటు ఒకటుంది. ఇంతకుముందు ఏ కాలేజీకి ఎంత కావాలో తెలిసినవాళ్ళు చదువుకున్న మామలు, చిన్నాయనలు ఉండే ఇళ్ళవాళ్ళే. మా నాయన ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తాడు. ఎన్ఐటీ అనే పేరు మా ఇంట్లో మొదట వినబడింది ఇట్లాంటి పట్టిక చూసినప్పుడే. గిండీ ఇంజనీరింగ్ కాలేజీకి ఎంత కటాఫ్ కావాలో కూలీ ఇంటి పిల్ల కూడా నిమిషంలో చూసుకోగలుగుతోంది. ఇది చిన్న మేలు కాదు.

గుంపు లెక్క వేరు, మన లెక్క వేరు

పోటీ ఎంత గట్టిదో అంకెల్లో చూద్దాం. 2024లో జేఈఈ మెయిన్ రాసినవాళ్ళు 14 లక్షలకు పైగా. వాళ్ళలో పైనున్న రెండున్నర లక్షలమందికి జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయడానికి అర్హత ఇచ్చారు. 1,80,200 మంది రెండు పేపర్లూ రాశారు. 48,248 మంది గట్టెక్కారు. 23 ఐఐటీల్లో కలిపి ఉన్న సీట్లు 17,740. అంటే మెయిన్ రాసిన సుమారు 80 మందికి ఒక సీటు.

ఈ ‘80లో ఒకటి’ అనే మాట చాలామంది పిల్లల గుండె జారిపోయేట్టు చేస్తుంది. కానీ అది గుంపు లెక్క. ఆ 14 లక్షలలో రెండేళ్ళు పొద్దూమాపూ చదివినవాళ్ళు ఉన్నారు, ఇంట్లోవాళ్ళ పోరు పడలేక పరీక్ష రాసి వచ్చినవాళ్ళూ ఉన్నారు. అందరినీ కలిపి భాగిస్తే వచ్చే అంకె అందులో ఏ ఒక్కరిదీ కాదు.

ఇంకో గందరగోళం పర్సెంటైల్. పెద్దవాళ్ళు చాలామంది దీన్ని నూటికి వచ్చిన మార్కు అనుకుంటారు. 99 పర్సెంటైల్ అంటే 99 మార్కులు కాదు. రాసినవాళ్ళలో నూటికి 99 మంది తనతో సమానంగానో, తనకన్నా కిందనో ఉన్నారని అర్థం. 14 లక్షలమందిలో పైన మిగిలిన ఒక శాతం అంటే 14 వేలమంది. 90 పర్సెంటైల్ వచ్చిందని స్వీట్లు పంచేముందు, మన పైన లక్షా నలభై వేలమంది ఉన్నారని తెలుసుకోవాలి. అట్లని 90 చెడ్డ అంకె అని కాదు. అది ఏమి చెప్తుందో తెలిసి సంతోషించాలి, అంతే.

మొదటి లోపం: పోయిన ఏడాది ఈ ఏడాది కాదు

మా వైపు గులాబీ తోటలు ఎక్కువ. ఫిబ్రవరి 14కి ముందు గులాబీ ధర ఎగురుతుందని అందరికీ తెలుసు. కానీ పోయిన ఫిబ్రవరిలో కట్ట ఎంతకు పోయిందో చూసి, ఈసారి కూడా సరిగ్గా అంతే వస్తుందని అప్పు తెచ్చుకునే రైతును నేను చూడలేదు. అంచనా వేసుకుంటాడు, కానీ అంచనాను చేతిలో డబ్బు అనుకోడు. ప్రిడిక్టర్ చూసేటప్పుడు మాత్రం ఈ తెలివి మనకు ఎందుకో తోచదు.

నీట్ పరీక్షనే చూడండి. 2024లో మొదట ఫలితాలు వచ్చినప్పుడు 720కి 720 వచ్చినవాళ్ళు 67 మంది. తర్వాత సవరించిన ఫలితాల్లో వాళ్ళు 17 మంది అయ్యారు. ఆ ఏడాది 700 దాటినవాళ్ళే రెండువేలకు పైన. మరుసటి ఏడాది, 2025లో, దేశం మొత్తానికి మొదటి ర్యాంకు వచ్చిన మార్కు 686. అదే 686 మార్కులు 2024లో వచ్చి ఉంటే వేలమంది వెనక నిలబడాలి. మార్కు అదే, పిల్లవాడు అదే, మారింది ప్రశ్నపత్రం. 2024 పట్టిక పట్టుకుని 2025 పిల్లలకు ఛాన్సు చెప్పినవాళ్ళు ఎంతమందిని ఉత్త పుణ్యానికి ఏడిపించి ఉంటారో!

మన రాష్ట్రం కటాఫ్‌లోనూ ఇంతే. 2024లో 200కి 200 కటాఫ్ వచ్చినవాళ్ళు 65 మంది. 2025లో 144 మంది. ఒకే కటాఫ్ ఎక్కువమందికి వస్తే లెక్కల మార్కు, ఫిజిక్స్ మార్కు, ఇంకా కొన్ని చూసి, పుట్టిన తేదీ చూసి, అప్పటికీ తేలకపోతే కంప్యూటర్ ఇచ్చే ర్యాండమ్ నంబరు చూస్తారు. అర మార్కు దగ్గర అంతమంది గుమిగూడే చోట, పోయిన ఏడాది గీత ఈ ఏడాది అక్కడే ఉంటుందని ఎవరు చెప్పగలరు?

రెండో లోపం: అక్కరలేని చోట నిజం, అక్కర ఉన్న చోట అనుమానం

ఐఐటీ బొంబాయిలో కంప్యూటర్ సైన్స్ జనరల్ సీటు 2022, 2023, 2024 మూడేళ్ళూ 70వ ర్యాంకు లోపే అయిపోయింది. అక్కడ ప్రిడిక్టర్ మాట తప్పదు. 5,000 ర్యాంకు వచ్చినవాడికి ఆ సీటు రాదని చెప్తుంది, రాదు. కానీ ఆ సంగతి చెప్పడానికి ప్రిడిక్టర్ ఎందుకు? అట్లే, సీట్లు ఏటా మిగిలిపోయే కాలేజీలో సీటు వస్తుందని చెప్తుంది, వస్తుంది. దానికీ ప్రిడిక్టర్ అక్కరలేదు.

మనకు అనుమానం వచ్చేది గీత దగ్గర. పోయిన ఏడాది 176 దగ్గర ఆగింది, నాకు 175 ఉంది, ఈసారి ఏమవుతుంది? సరిగ్గా ఈ ప్రశ్నకే కాగితం దగ్గర జవాబు లేదు. కొత్త కాలేజీకి సీట్లు పెరిగితే గీత దిగుతుంది. ఒక బ్రాంచి మీద మోజు పెరిగితే గీత ఎక్కుతుంది. పైనున్నవాళ్ళు కొందరు ఇంకో రాష్ట్రానికి పోతే మళ్ళీ దిగుతుంది. జవాబు తెలియని చోట ‘తెలియదు’ అనకుండా ఎర్ర రంగు పూయడం ఈ రాతలో నాకు కనబడిన పెద్ద దోషం.

కొన్ని పట్టికలు రంగులతో ఆగవు, ‘మీ ఛాన్సు 38 శాతం’ అని అంకె కూడా వేస్తాయి. మా పదో తరగతి లెక్కల పుస్తకంలో చివరి పాఠం సంభావ్యత. నాణెం ఎగరేస్తే బొమ్మ పడే సంభావ్యత సగం అని నమ్ముతాము, ఎందుకంటే వందసార్లు ఎగరేసి సరిచూసుకోవచ్చు. అట్లే, 38 శాతం అని చెప్పించుకున్న వందమంది పిల్లల్ని తర్వాత వెతికితే, వాళ్ళలో ఇంచుమించు 38 మందికి సీటు వచ్చి ఉండాలి. అప్పుడే ఆ అంకెకు విలువ. నేను చూసిన ఏ పట్టికలోనూ ‘పోయిన ఏడాది మేము చెప్పింది ఇంత, జరిగింది ఇంత’ అనే లెక్క లేదు. జోస్యం తప్పిందా లేదా అని వెనక్కి తిరిగి చూడనివాడు ఎన్నేళ్ళు చెప్పినా మెరుగుపడడు.

మూడో లోపం: మనల్ని అడగని ప్రశ్నలు

ఈ పట్టికలను తయారుచేసినవాళ్ళ మనసులో ఉండే పిల్లలు వేరు, తమిళనాడులో తెలుగు బడిలో చదివే పిల్లలు వేరు. మనకు సంబంధించిన నాలుగు ప్రశ్నలను చాలా పట్టికలు అడగవు. ఒకవేళ అడిగినా, ఎందుకు అడుగుతున్నాయో చెప్పవు.

ఒకటి, ప్లస్ టూ ఎక్కడ? ఎన్ఐటీల్లో సగం సీట్లు ఆ రాష్ట్రంవాళ్ళకు. ఏ రాష్ట్రం అనేది పుట్టిన ఊరును బట్టి కాదు, మాతృభాషను బట్టి కాదు, పన్నెండో తరగతి ఎక్కడ పాసయ్యామో దాన్ని బట్టి. మేము ఇక్కడే ప్లస్ టూ చదివితే తిరుచ్చి ఎన్ఐటీ మాకు సొంత రాష్ట్రం, వరంగల్లు, తాడేపల్లిగూడెం పరాయి రాష్ట్రం. చిత్తూరు, కుప్పం బంధువులు చెప్పే ర్యాంకులు మాకు సరిపోవు. పది అయ్యాక పిల్లల్ని విజయవాడకో తిరుపతికో ఇంటర్‌కు పంపే ఇళ్ళు మాలో చాలా ఉన్నాయి. అప్పుడు ఎన్ఐటీల లెక్కలో ఆంధ్ర పిల్లలవుతారు. కానీ ఆంధ్రలో ఈఏపీసెట్‌కు స్థానికులు కావాలంటే అక్కడ నాలుగేళ్ళు వరుసగా చదివి ఉండాలి, లేదా నివాసం చూపాలి. ఇటు తమిళనాడు కౌన్సెలింగ్‌కు రావాలంటే ఎనిమిది నుంచి పన్నెండు దాకా ఇక్కడ చదవలేదు కాబట్టి నేటివిటీ సర్టిఫికెట్ పెట్టాలి. రెండు గట్ల మీద చెరో కాలు పెట్టినట్టు ఉండే ఈ సంగతి ఇంటర్ కాలేజీ వాళ్ళ కరపత్రంలో ఉండదు.

రెండు, పరీక్ష ఏ భాషలో? జేఈఈ మెయిన్, నీట్ తెలుగులో కూడా రాయవచ్చు. అది విని సంతోషిస్తాము. కానీ తెలుగు ప్రశ్నపత్రం ఇచ్చేది ఆంధ్ర, తెలంగాణ కేంద్రాల్లోనే. హోసూరు పిల్లకు తెలుగు పేపరు కావాలంటే ఎల్లలు దాటి ఆంధ్రలో కేంద్రం పెట్టుకోవాలి. జేఈఈ అడ్వాన్స్‌డ్ అయితే ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. మాలో ఎక్కువమంది పదిదాకా తెలుగులో చదివి ప్లస్ వన్‌లో ఇంగ్లీషుకో తమిళానికో మారేవాళ్ళమే. ‘త్వరణం’ తెలిసినవాడికి ‘యాక్సిలరేషన్’ అనగానే వెలగదు, ‘ఘర్షణ’ తెలిసినవాడు ‘ఫ్రిక్షన్’ దగ్గర ఆగిపోతాడు. మొదటి ఆరు నెలలు పాఠం రాక కాదు, పేరు రాక మార్కులు తగ్గుతాయి. ఆ మార్కులు చూసి ఛాన్సు చెప్పే పట్టికకు ఈ తేడా తెలియదు.

మూడు, ఏ రకం బడి? ఆరు నుంచి పన్నెండు దాకా ప్రభుత్వ బడిలో చదివినవాళ్ళకు మన రాష్ట్రంలో 7.5 శాతం సీట్లు వేరుగా ఉన్నాయి. మెడిసిన్‌కు 2020 నుంచి, ఇంజనీరింగ్‌కు 2021 నుంచి. చుట్టుపక్కల ప్రభుత్వ తెలుగు బడుల్లో చదివే పిల్లలకు ఇది గొప్ప తలుపు, వాళ్ళ గీత వేరే చోట ఉంటుంది. మా బడిలాంటి ఎయిడెడ్ బడులవాళ్ళకు ఇది వర్తించదు. పక్కపక్క బడుల్లో, ఒకే తెలుగు పుస్తకం చదివిన ఇద్దరికి రెండు వేరు పట్టికలు కావాలి.

నాలుగు, ఆడపిల్లవా? ఐఐటీల్లో 2018 నుంచి ఆడపిల్లలకు అదనపు సీట్లు పెట్టి, వాళ్ళ వంతు 20 శాతానికి తెచ్చారు. ఆ సీట్ల క్లోజింగ్ ర్యాంకు వేరుగా వేస్తారు. అందరి వరుస చూసి ‘రాదు’ అనుకున్న అమ్మాయి, పక్క వరుస చూడకుండానే ఫోను కింద పెట్టేస్తుంది.

ఈ రాత వెనక ఎవరున్నారు?

విమర్శ చేసేటప్పుడు ఎవరు రాశారు, ఎందుకు రాశారు అని కూడా అడగాలి. చాలా ప్రిడిక్టర్లు ఛాన్సు చూపేముందు ఫోను నంబరు అడుగుతాయి. మరునాటి నుంచి నాయన ఫోనుకు కాల్స్ మొదలవుతాయి. ఎరుపు చూపించి, ‘మా దగ్గర లాంగ్ టర్మ్ చేరితే పచ్చ అవుతుంది’ అనడం వ్యాపారం. పచ్చ చూపించి, ‘మీ పిల్లకు మెరిట్ ఉంది, మా బ్యాచ్‌లో చేర్చండి’ అనడమూ వ్యాపారమే. తొమ్మిదో తరగతి పిల్లలకు ‘స్కాలర్‌షిప్ టెస్ట్’ పెట్టి, ఐఐటీ ఛాన్సు ఇంత అని సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళూ ఉన్నారు. 16 ఏళ్ళు నిండనివాళ్ళను కోచింగ్‌లో చేర్చుకోవద్దని 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. అదే ఏడాది నవంబరులో, సీటు గ్యారంటీ అని ప్రకటనలు వేయకూడదని, గెలిచిన పిల్లల ఫోటోలు వాళ్ళ ఒప్పుదల లేకుండా వాడకూడదని వినియోగదారుల రక్షణ సంస్థ కూడా మార్గదర్శకాలు ఇచ్చింది.

హోర్డింగు మీద ఇరవై ముఖాలు నవ్వుతుంటాయి. అది ప్రిడిక్టర్‌కు అన్న లాంటిది. ఇరవైమందికి వచ్చిందని చెప్తుంది, ఎంతమంది చేరితే ఇరవైమందికి వచ్చిందో చెప్పదు. భిన్నంలో లవం చూపించి హారం దాచేస్తే ఆ భిన్నం విలువ ఎట్లా తెలుస్తుంది? ఆరో తరగతి పిల్ల కూడా అడిగే ప్రశ్న ఇది.

అసలు నష్టం ఎక్కడ?

ఇంతవరకు చెప్పినవి లోపాలు. లోపం ఉన్న వస్తువు వల్ల ఎప్పుడూ నష్టం జరగాలని లేదు. ఈ కాగితం వల్ల నష్టం జరిగేది ఒకే చోట, కాలేజీల జాబితా నింపేటప్పుడు.

మా వీధిలో ఒక అక్క ఉంది. ప్లస్ టూలో మంచి కటాఫే తెచ్చుకుంది. వాళ్ళ నాయన పూలతోటలో పని చేస్తాడు. నెట్ సెంటరులో ప్రిడిక్టర్ కాగితం తీయించారు. పైన నాలుగు ఎరుపు, కింద కొన్ని పసుపు, మిగతావి పచ్చ. వాళ్ళ నాయన కాగితం చూసి, ‘‘ఎర్రగా ఉండేదంతా కొట్టేయించు పాపా, ఆశ పెట్టుకుని తర్వాత ఏడ్చేది ఎందుకు?’’ అన్నాడంట. కూతురు ఏడవకూడదని ఆయన అన్న మాట. అక్క కొట్టేయించింది. పచ్చవాటిలో మొదటిదే ఆమెకు వచ్చింది. కౌన్సెలింగ్ అంతా అయ్యాక చూసుకుంటే, కొట్టేయించిన నాలుగింటిలో ఒకటి, వేరే జిల్లాలోని ప్రభుత్వ కాలేజీ, ఆమె వర్గానికి ఆమె కటాఫ్‌కన్నా తక్కువ దగ్గరే ముగిసింది. ఇప్పుడు కట్టే ఫీజులో సగం కూడా అక్కడ ఉండదు. అక్క చదువు బాగానే నడుస్తోంది, చేరిన కాలేజీ చెడ్డదీ కాదు. కానీ నాతో ఒక మాట అంది: ‘‘అడిగి రాకపోయి ఉంటే నాకు బాధ లేదు. నేను అడగనే లేదు కదా.’’

ఇక్కడ అందరూ తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. కౌన్సెలింగ్ కంప్యూటర్ మన జాబితాను పైనుంచి కిందికి చదువుతుంది. మన వంతు వచ్చినప్పుడు మొదటి కాలేజీలో మన వర్గానికి సీటు ఉందా అని చూస్తుంది. ఉంటే ఇస్తుంది. లేకపోతే రెండోదానికి పోతుంది. అక్కడా లేకపోతే మూడోది. పైన రాని కాలేజీ పేర్లు పది పెట్టినా, కింద వచ్చే కాలేజీ సీటు దానివల్ల పోదు. ఆశపడినందుకు జరిమానా లేదు. కానీ ఇష్టమైనదాన్ని కిందపెట్టి, ‘గ్యారంటీ’ అని ఇంకోదాన్ని పైన పెడితే మాత్రం, ఇష్టమైనదాంట్లో సీటు ఖాళీగా ఉన్నా మనకు పైదే ఇచ్చేస్తుంది. మన రాష్ట్రం కౌన్సెలింగ్‌లోనూ, జోసాలోనూ ఎన్ని పేర్లైనా పెట్టవచ్చు. అట్లాంటప్పుడు ఎర్రగా ఉందని పేరు కొట్టేయడం అనేది, సీటు ఇచ్చేవాళ్ళు కాదనకముందే మనమే మనల్ని కాదనుకోవడం.

మరి దేనికి వాడాలి?

నా విమర్శ సారాంశం ఇది. ఈ కాగితం పేర్లు చేర్చుకోవడానికి మంచిది, పేర్లు తీసేయడానికి చెడ్డది. మనకు తెలియని కాలేజీలను చూపిస్తుంది, ఆ పేర్లను జాబితాలో చేర్చుకోవాలి. కింద ఖాయంగా వచ్చేవి కొన్ని ఉన్నాయా లేదా అని చూసుకోవడానికి పనికొస్తుంది, లేకపోతే ఇంకొన్ని పెట్టుకోవాలి. వరుస మాత్రం మన ఇష్టం, ఫీజు, దూరం, హాస్టలు చూసి మనమే వేసుకోవాలి. చేరనే చేరము అనుకున్న కాలేజీ పేరు పచ్చగా ఉన్నా పెట్టకూడదు.

వీలైతే ప్రిడిక్టర్‌ను పక్కన పెట్టి, అది ఎక్కడినుంచి తెచ్చుకుంటుందో ఆ అసలు పట్టికలనే చూడాలి. ఒక్క ఏడాది కాదు, మూడేళ్ళవి. మొదటి రౌండు కాదు, చివరి రౌండుది. అందరి వరుస కాదు, మన వర్గం వరుస. మూడేళ్ళలో గీత ఎంత ఎక్కి దిగిందో చూస్తే, ఒక్క అంకె చెప్పలేని సంగతి అర్థమవుతుంది. మూడేళ్ళలో ఆరు మార్కులు ఊగిన గీత దగ్గర, రెండు మార్కులు తక్కువ ఉన్నంతమాత్రాన ఎవరూ ఎర్రగా లేనట్టే.

పదో తరగతిలో ఉన్న నాలాంటివాళ్ళకు ఇంకో మాట. ప్లస్ వన్ గ్రూపు ఎంచుకోవడానికి ఈ కాగితాన్ని తెచ్చుకోవద్దు. రెండేళ్ళ తర్వాత రాసే పరీక్ష, ఇంకా తయారుకాని ప్రశ్నపత్రం, ఇంకా మనం నేర్చుకోని పాఠం, వీటిమీద ఈరోజు చెప్పే శాతం ఏదైనా గాలిలో రాతే. ఏ పాఠం పుస్తకం మూసినాక కూడా మనసులో తిరుగుతుందో చూసుకుని గ్రూపు తీసుకోవడం దానికన్నా మంచి కొలత.

చివరగా మా బడికి ఒక విన్నపం. మాకు అన్నిటికన్నా పనికొచ్చే పట్టిక ఏ కంపెనీ దగ్గరా లేదు, అది మన దగ్గరే ఉంది. ఈ బడిలో తెలుగులో పదిదాకా చదివి పోయిన అక్కలు, అన్నలు ఎంతమంది, వాళ్ళలో ఏ పరీక్షలు ఎంతమంది రాశారు, ఎంత వచ్చింది, ఎక్కడ చేరారు, చేరాలనుకుని ఎక్కడ చేరలేకపోయారు, భాష మారినప్పుడు తేరుకోవడానికి ఎన్ని నెలలు పట్టింది? పేర్లు అక్కరలేదు. గెలిచినవాళ్ళనే కాక అందరినీ రాయాలి, లవంతో పాటు హారం కూడా ఉండాలి. ఆఫీసు గదిలో ఒక నోటుబుక్కు పెట్టి, ఏటా జూలైలో పాత విద్యార్థులను పిలిచి రాయించితే చాలు. మొదటి ఏడాది పది వరుసలు ఉంటాయేమో. నేను ప్లస్ టూ రాసేనాటికి ముప్ఫై అవుతాయి. నా వరుస నేను వచ్చి రాస్తాను, సీటు వచ్చినా రాకపోయినా.